చింతపండుతో తోమిన రూపాయి

మా చిన్నాయన పోగొట్టుకున్నది మొత్తం 14,800 రూపాయలు. అందులో కనీసం సగం తప్పు నాది. ఆ లెక్క ఒప్పజెప్పడానికే ఈ టపా.

మాది చంద్రగిరి. చదువు తిరుపతిలో, ఉద్యోగం అందరిలాగే బెంగళూరులో. సాఫ్ట్‌వేర్ వాడికి హాబీ అంటే ట్రెక్కింగో ఫొటోగ్రఫీయో ఉండాలి, కానీ నాకు మాత్రం చిల్లర పిచ్చి పట్టుకుంది. దానికి కారణం మా తాత గల్లాపెట్టె.

తాతకి తిరుపతిలో గోవిందరాజస్వామి గుడి దగ్గర చిన్న అంగడి ఉండేది. కుంకుమ, పసుపు దారాలు, స్వామి పటాలు, కొండ నుంచి దిగొచ్చిన పిల్లకాయలకి పీపీలు. యాత్రికులు ఎక్కడెక్కడి నుంచో వస్తారు కదా, తొందరలో రూపాయి అనుకుని వాళ్ళ దేశం బిళ్ళ ఇచ్చేసి పోయేవాళ్ళు. మలేషియా సెన్లు, సింగపూర్ సెంట్లు, అంచులు పూరేకుల్లా ఉండే శ్రీలంక రెండు సెంట్లు.. అన్నీ వచ్చేవి. సాయంత్రం లెక్క చూసుకునేటప్పుడు తాత వాటిని ఏరి, "చెల్లవు" అని ఒక్క మాట అని బోర్న్‌విటా డబ్బాలో పడేసేవాడు. బ్యాంకులు విదేశీ నోట్లయితే మారుస్తాయి గానీ చిల్లర జోలికి పోవు. ఇప్పటికీ అంతే. మా తాత అంగడికే ఇంత బాధ ఉంటే కొండ మీద హుండీ సంగతి ఆలోచించండి. పరకామణిలో నోట్ల లెక్క ఒక ఎత్తు, ఈ విదేశీ చిల్లర ఇంకో ఎత్తు. దానికి తోడు మన పావలాలు 2011 జూన్ 30తో చెల్లకుండా పోయాయి. పోతే మాత్రం, స్వామికి వేసింది వేసిందే.

తాత పోయాక అంగడి పోయింది, డబ్బా నాకొచ్చింది. సుమారు 600 నాణేలు. కరోనా టైములో ఇంటి నుంచి పని చేస్తూ, బిల్డ్ నడుస్తున్నంత సేపూ ఒక్కొక్కటీ తీసి ఏ దేశమో చూసేవాణ్ణి. నా బిల్డులు ఎంత నిదానమంటే, రెండు నెలల్లో డబ్బా మొత్తం అయిపోయింది.

దేశాలు అయిపోయాక ఎవరైనా ఆగిపోతారు. నేను ఆగలేదు, ఎందుకంటే అప్పుడే నాకు 'డై వెరైటీ' అనే మాట తెలిసింది. మనవాళ్ళకి ఇది చెప్పడం చాలా తేలిక. నాణెం మీద బొమ్మ కొట్టే ఉక్కు అచ్చును డై అంటారు. అచ్చులోనే తేడా ఉంటే ఆ అచ్చు కొట్టిన ప్రతి నాణెంలోనూ అదే తేడా వస్తుంది. అంటే బిల్డులో ఉన్న బగ్గు. అలా కాకుండా అచ్చు బాగానే ఉండి, కొట్టేటప్పుడు బిళ్ళ పక్కకి జరిగితే అది ఆ ఒక్క నాణేనికే. అంటే రన్‌టైమ్ ఎర్రరు. మొదటిదాన్ని వెరైటీ అంటారు, రెండోదాన్ని ఎర్రర్ అంటారు. ఈ లోకంలో తగువులన్నీ ఏది ఏదనే దాని మీదే.

బాగా పేరున్న ఉదాహరణ 1955 నాటి అమెరికా సెంటు. ఫిలడెల్ఫియా టంకశాలలో అచ్చు తయారు చేసేటప్పుడు రెండోసారి నొక్కినప్పుడు కాస్త తిరిగింది. తేదీ, అక్షరాలు అన్నీ మందు కొట్టినవాడికి కనపడినట్టు రెండేసి పడ్డాయి. అక్కడివాళ్ళు గమనించారు కూడా. కానీ అప్పటికే 20 వేలకు పైగా మంచివాటిలో కలిసిపోయాయి. వాటి కోసం లక్షల నాణేలు కరిగించడం ఎందుకులే అని వదిలేశారు. నోన్ ఇష్యూ, రిలీజ్ చేసేయండి! ఇది చదివినప్పుడు ఆ టంకశాల మేనేజరు మా ప్రాజెక్టు మేనేజరుకి పూర్వజన్మేమో అనిపించింది.

మన రూపాయిల్లోనూ చూడాల్సింది చాలా ఉంది. తేదీ కింద నక్షత్రం ఉంటే హైదరాబాదు, చుక్క ఉంటే నోయిడా, డైమండు ఉంటే ముంబై, ఏమీ లేకపోతే కోల్‌కతా. ఇవి కాక, చిల్లర కరువు వచ్చినప్పుడల్లా ప్రభుత్వం బయటి దేశాల్లో కొట్టించింది. 1985 రూపాయి మీద తేదీ కింద చిన్న 'హెచ్' ఉంటే అది ఇంగ్లండు బర్మింగ్‌హామ్‌లో పుట్టింది. 90ల చివర్లో దక్షిణ కొరియా, స్లొవేకియా, రష్యా.. ఇన్ని చోట్ల మన చిల్లర తయారైంది. వైటూకే పుణ్యమా అని మన సీనియర్లు అమెరికా వాళ్ళ కోడ్ ఔట్‌సోర్సింగ్‌లో తెచ్చుకుంటున్న అవే రోజుల్లో, మనం మన రూపాయినే ఔట్‌సోర్స్ చేశాం!

ఒకసారి రెండు రూపాయల బిళ్ళ మీద అంకెలు జంటగా కనిపించాయి. డబుల్డ్ డై దొరికిందని ఎగిరి గంతేసి ఒక పెద్దాయనకి ఫొటో పంపాను. "అంచులు గుండ్రంగా ఉన్నాయా, మెట్టులా చదునుగా ఉన్నాయా?" అని అడిగాడు. చదునుగా ఉన్నాయి. "అచ్చు వదులై కొట్టేటప్పుడు అదిరింది. మెషిన్ డబ్లింగు. దానికి రెండు రూపాయలు వస్తాయి" అన్నాడు. ఎల్‌వన్ టికెట్టు క్లోజ్ చేసినంత చులాగ్గా.

కానీ తాత డబ్బాలో ఒకటి దొరికింది. అమెరికా వాళ్ళు 1999 నుంచి 2008 వరకు ఒక్కో రాష్ట్రం పేరు మీద ఒక్కో పావలా, అంటే క్వార్టరు కొట్టారు. 2004లో విస్కాన్సిన్ వంతు. ఆవు తల, జున్ను చక్రం, మొక్కజొన్న కంకి బొమ్మలుంటాయి. డెన్వర్‌లో కొట్టిన వాటిలో కొన్నింట్లో కంకికి ఎడమపక్కన ఉండకూడని ఆకు ఒకటి ఎక్కువ ఉంటుంది. పైకి లేచి ఉంటే 'హై లీఫ్', కిందికి వాలి ఉంటే 'లో లీఫ్'. అచ్చు మీద గాటు ప్రమాదంగా పడిందా, లేక లోపలి వాడెవడో సరదాకి గీశాడా అని ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. మా డబ్బాలోది లో లీఫ్. ఏ ఎన్నారై భక్తుడో పిల్లాడికి పీపీ కొనిచ్చి ఇచ్చినట్టున్నాడు. తాత 'చెల్లదు' అని పడేసింది. ఆ రాత్రి నేను నిద్రపోలేదు.

కాలేజీ స్నేహితుడొకడు సెలవులకి వచ్చి తిరిగి వెళ్తుంటే వాడితో అమెరికా పంపి సర్టిఫై చేయించాను. ఈ సర్టిఫికేషన్ కథ కూడా చెప్పుకోవాలి. 80ల దాకా నాణెం మంచిదా కాదా అన్నది చాలావరకు అమ్మేవాడి నోటిమాట. 1986లో పీసీజీఎస్, మరుసటి ఏడు ఎన్‌జీసీ వచ్చాయి. కొనడం అమ్మడంతో సంబంధం లేని మూడో మనిషి చూసి, అసలుదా నకిలీదా తేల్చి, 1 నుంచి 70 లోపు ఒక అంకె వేసి, తెరిస్తే తెలిసిపోయేలా ప్లాస్టిక్ డబ్బీలో సీలు చేసి ఇస్తాడు. ఈ 70 ఎక్కడిదనుకున్నారు? 1949లో షెల్డన్ అనే ఆయన పాత అమెరికా సెంట్ల మీద పుస్తకం రాస్తూ, అరిగి అట్టయిన దాని ధర ఒకటనుకుంటే అద్భుతమైన దాని ధర 70 రెట్లు అన్న లెక్కలో పెట్టాడు. ధరల లెక్క ఎప్పుడో చెదిరిపోయింది, స్కేలు మాత్రం మిగిలింది. పాత కోడ్‌లో ఎవరూ ముట్టుకోని కాన్‌స్టెంట్ లాగా!

నా క్వార్టరు డబ్బీలో కూర్చుని వచ్చింది. పేరుతో సహా 'ఎక్స్‌ట్రా లీఫ్ లో' అని చీటీ. ఫీజు, పోస్టు ఖర్చులు కలిపితే నాణెం ధరకి కాస్త అటూఇటూగా ఉంది. అయినా నాకు రాంక్ వచ్చినంత గర్వం.

ఆ గర్వంతోనే మొన్న సంక్రాంతికి ఊరికెళ్ళాను. పండగ రాత్రి అందరూ మిద్దె మీద కూర్చున్నప్పుడు డబ్బీ చూపించి, ల్యాప్‌టాప్ తెరిచి ఉపన్యాసం మొదలుపెట్టాను. 1933 నాటి 20 డాలర్ల బంగారు నాణెం ఒకటి 2021 జూన్‌లో న్యూయార్క్ వేలంలో దాదాపు 1.89 కోట్ల డాలర్లకి పోయిందని చెప్పాను.

"ఇరవై డాలర్లకి అంతిచ్చినోడు ఎవుడురా, వానికి పెళ్ళాం బిడ్డలు లేరా?" అంది అవ్వ.

అందరూ నవ్వారు, చిన్నాయన నవ్వలేదు. "మరి అమ్మ కాడుండే రాణి రూపాయిలకి?" అన్నాడు.

నేనేమన్నానో బాగా గుర్తుంది. "పాతవే కదా చిన్నాయనా, మంచి రేటే ఉంటుంది" అన్నాను. పైగా పండితుడిలా తల ఊపాను. ఆ 1933 నాణేలు 4,45,500 కొట్టి దాదాపు అన్నీ కరిగించేశారనీ, సొంతంగా దాచుకోవడానికి చట్టం ఒప్పుకున్నది ఆ ఒక్కటేననీ చెప్పలేదు. పాతది వేరు, అరుదైనది వేరు అని చెప్పలేదు. చెబితే కథలో మజా పోతుంది కదా.

చిన్నాయన ఉండేది కాణిపాకం దగ్గర. మామిడి తోట ఉంది. ఆ ఏడు తోతాపురికి రేటు లేదు, చెల్లెలి కాలేజీ ఫీజు కట్టాలి. రెండు నెలల తర్వాత ఒక రాత్రి నాకు ఫోన్ చేశాడు. గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నాడు.

"అబ్బయ్యా, ఆ రాణి రూపాయిని ఒకాయన తొమ్మిది లక్షలకి కొంటాడంట. వీడియోలో నంబరుంటే ఫొటో పంపినా. రిజిస్ట్రేషన్ అన్నారు, కట్టినా. జీఎస్టీ అన్నారు, అదీ కట్టినా. ఇప్పుడు ఇన్సూరెన్సంటా ఉండారు. రిజర్వు బ్యాంకు లెటరు కూడా పంపినారు. నువ్వు ఈ లైన్లో ఉండావు కదా, ఒకసారి చూసి చెప్తావని.."

లెటర్ చూశాను. లోగో ఉంది, స్టాంపు ఉంది, సంతకం ఉంది. రిజర్వు బ్యాంకు పాత నాణేల కొనుగోలు అమ్మకాల జోలికి రాదు, కమీషన్లు అడగదు, తమ పేరు వాడి ఎవరో మోసం చేస్తున్నారని 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది. నాకు ఆ సంగతి తెలుసు. సంక్రాంతి రాత్రి కూడా తెలుసు. 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాం. కానీ డబ్బు కట్టి అప్పటికే వారాలు దాటింది.

"పోనీలే, 14,800 పోతే పోయింది. రూపాయి మాత్రం మంచిదే కదా?" అన్నాడు చిన్నాయన. ఆ మాటకి నేను జవాబు చెప్పలేకపోయాను. ఎందుకంటే నిజంగా నాకు తెలియదు. ఊరంతటికీ నాణేల గురించి క్లాసు పీకినవాణ్ణి, మా ఇంట్లో దేవుడి గూట్లో ఉన్నవాటిని ఒక్కసారి కూడా భూతద్దం కింద పెట్టలేదు.

ఆ శనివారమే ఊరికెళ్ళి చూశాను. తొమ్మిది రూపాయలు, పెళ్ళిలో అవ్వకి వాళ్ళ పుట్టింటివాళ్ళు పెట్టినవి. ఒకటి జార్జి రాజుది. ముందు దాన్నే ఆత్రంగా తీశాను. 1911 రూపాయి మీద రాజు అంగీలో ఉన్న ఏనుగు, తొండం పొట్టిగా ఉండి పందిలా కనిపించిందని గొడవైంది. ప్రభుత్వం వాటిని ఆపి, అచ్చు మార్చి మరుసటి ఏడాది సరిచేసింది. 'పంది రూపాయి' అని దానికి పేరు. మాది 1918. ఏనుగు ఏనుగులాగే ఉంది. మూడు 1900, 1901 రూపాయలు, ఎక్కడ చూసినా దొరికేవే. మిగతా ఐదూ 1862వి.

ఈ 1862 దగ్గర కాస్త ఆగాలి. ఆ తేదీ ఒక పెద్ద అబద్ధం. తర్వాత దాదాపు 1874 దాకా ఏ ఏడు కొట్టినా రూపాయి మీద 1862 అనే వేశారు. అయితే బొంబాయి టంకశాల వాళ్ళు వెనకవైపు తేదీ కింద, కొన్నింటిలో పైన కూడా సన్న చుక్కలు పెట్టారు. ఆ చుక్కలు లెక్కపెట్టి అసలు ఏ ఏడు కొట్టారో చెబుతారు. వెర్షన్ నంబరు మార్చకుండా బిల్డ్ నంబరు లోపల దాచినట్టు. కొన్ని చుక్కల లెక్కలు ఎక్కడైనా దొరుకుతాయి, కొన్ని దొరకవు. మా ఐదింట్లో ఒకదాని మీద ఒక చుక్క ఉందనిపిస్తుంది, ఇంకోటి కూడా ఉందేమో అనిపిస్తుంది. లైటు ఇటు తిప్పితే ఉంది, అటు తిప్పితే లేదు.

అదే నెలలో నాకు ఆన్‌సైట్ వచ్చింది, మూడు వారాలు. రూపాయిని సాక్సుల మధ్య పెట్టి సూట్‌కేసులో వేసేశాను. అమెరికాలోనే సర్టిఫై చేయించి చిన్నాయన చేతిలో పెడదామని. నేను ఫొటో పంపిన ఆ పెద్దాయనే ఆపాడు. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వందేళ్ళు దాటిన నాణెం కూడా పురావస్తువే, మనబోటి వాళ్ళు దేశం దాటించకూడదు, జైలు శిక్ష దాకా ఉంది. క్వార్టరు 2004ది కాబట్టి చెల్లింది. అవ్వ రూపాయి 1862ది. సూట్‌కేసు మళ్ళీ విప్పాను.

తిరిగొచ్చాక బెంగళూరులో నాణేల ప్రదర్శన జరిగితే పట్టుకెళ్ళాను. ఒక ముసలి వ్యాపారి భూతద్దం కంటికి పెట్టుకుని, రూపాయి అంచు పట్టుకుని దీపం కింద ఒకసారి ఇటూ అటూ తిప్పాడు. నిమిషం కూడా కాలేదు.

"దీన్ని రోజూ తోముతారా?" అన్నాడు.

ప్రతి శుక్రవారం. మా అవ్వ కాపురానికి వచ్చినప్పటి నుంచి, దాదాపు అరవై ఏళ్ళు. చింతపండు నానబెట్టి, విభూతి చల్లి, బొటనవేలితో రుద్ది రుద్ది కడిగి, పసుపు కుంకుమ పెట్టి లక్ష్మీదేవి ముందు వరసగా పేరుస్తుంది. చింతపండు పులుపు వెండి పైపొరని తినేస్తుంది, బూడిద గీతలు పెడుతుంది. నాణెం కొట్టినప్పుడు లోహం పారి ఏర్పడే మెరుపు ఒకటుంటుంది, తిప్పితే బండి చక్రంలా తిరుగుతుంది. అది ఒకసారి పోతే మళ్ళీ రాదు. మా రూపాయి కూడా మెరుస్తోంది, కానీ అది స్టీలు గిన్నె మెరుపు. ఆయన చెప్పిందేమిటంటే, నాణెం అసలుదే, అనుమానం లేదు. కానీ ఏ సంస్థకి పంపినా అంకె రాదు, 'డీటెయిల్స్, క్లీన్డ్' అని రాసిస్తారు. చుక్క సంగతి అడిగాను. "ఉండేదేమో. ఇప్పుడు నేను ఒట్టేసి చెప్పలేను" అన్నాడు. వెండి ధర మీద ఇంకాస్త ఇస్తానన్నాడు. తులం బరువు. అసలు బ్రిటిషు వాళ్ళ కాలంలో తులం అంటేనే రూపాయి బరువు, 11.66 గ్రాములు. నేను ఇవ్వలేదు.

బస్సులో వస్తూ కోలారు దాటేదాకా అదే ఆలోచన. తాత చెల్లదని పారేసిన బిళ్ళ, ఏళ్ళ తరబడి ఎవరూ ముట్టుకోక, డబ్బాలో చీకట్లో పడి ఉండి, పేరూ అంకే తెచ్చుకుంది. అవ్వ అరవై ఏళ్ళు దేవుడిలా చూసుకున్నది పాడైపోయిన సరుకయింది. సర్టిఫికేటు రాసేవాడిది తప్పు కాదు. వాడు నాణెం కొట్టిన రోజుకి అది ఎంత దగ్గరగా ఉందని మాత్రమే చూస్తాడు. అవ్వ ఆ రూపాయిలో చూసేది అది కాదు. రెండూ ఒకే బిళ్ళ మీద కుదరవు, అంతే.

చిన్నాయనకి చెప్పాను. పాతదయితే చాలదని, ఎన్ని మిగిలాయి, ఎలా మిగిలాయి, ఎవరికి కావాలి అన్నవన్నీ చూస్తారని, సంక్రాంతి రాత్రి చెప్పాల్సిందంతా ఆరునెలలు ఆలస్యంగా చెప్పాను. విన్నాడు. "ఆ ముసలోడు తక్కువ చెప్పి కొట్టేద్దామని చూసినాడేమోరా" అన్నాడు. 14,800 పంపిస్తే వెనక్కి పంపాడు. తర్వాత చెల్లెలి ఫీజులో కలిపి కట్టేశాను, దానికి మాత్రం ఏమీ అనలేదు. ఇప్పటికీ అప్పుడప్పుడు ఏదో వీడియో పంపి "ఇదన్నా నిజమా?" అని అడుగుతుంటాడు. వైష్ణోదేవి బొమ్మున్న ఐదు రూపాయలకి లక్షలిస్తారట. 2012లో లెక్కలేనన్ని కొట్టిన బిళ్ళ చిన్నాయనా అని చెప్తాను. విసుక్కోకుండా చెప్తున్నాను.

అవ్వకి చెప్పడమే కష్టమైంది. వంటింటి గడప మీద కూర్చుని చింతపండు పిసుకుతోంది. తోమితే రేటు పోతుందట అవ్వా అన్నాను.

"అమ్మేదానికా పెట్టుకున్యాము?" అంది. తర్వాత కాసేపు ఆగి, "తోమకుండా దేవుని ముందర పెట్టేదెట్లరా, మకిలితో?" అంది. నా దగ్గర జవాబు లేదు. చుక్క ఉందేమో అనుకున్న రూపాయిని వేలితో చూపించి, ఇది అనీ, చుక్కలనీ, బొంబాయి అనీ ఏదేదో చెప్పాను. వింటూనే మిగతావి తోమింది.

పోయిన నెల ఊరికెళ్తే దేవుడి గూట్లో ఎనిమిది రూపాయలు తళతళా మెరుస్తున్నాయి. తొమ్మిదోది నల్లబడి, కుంకుమ మాత్రం పెట్టించుకుని చివర్లో కూర్చుంది.

"దాన్ని తోమలా," అంది అవ్వ వెనకనుంచి. "నీ చుక్క ఉండాదో లేదో మళ్ళీ చూసుకో. మీ అమ్మ మాత్రం శుక్రవారం పొద్దు ఆ నల్లమొగం ఏందని సణుగుతా ఉంది."